నొక్కినంతసేపూ

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకి హుస్సేన్ గారు శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తన ఇంట్లో తానే ఒక కుర్చీలో కూర్చుంటారు. ఎక్కడికీ వెళ్ళరు. ఆయన్ని చూడ్డానికి ఎవరూ రారు. మరి ఇస్త్రీ చొక్కా ఎందుకయ్యా అంటే, ఆ వేళకి ఆయనతో మనుషులు మాట్లాడతారు. వారం మొత్తం మీద ఆయనతో మనుషులు మాట్లాడేది ఆ మూడు గంటలే. అంతటి పనికి లుంగీలో కూర్చోవడం ఆయనకి నచ్చదు.

ఏలూరు పవర్‌పేటలో రైలుకట్ట పక్క సందులో రెండు గదుల డాబా ఆయనది. పోలీసు వైర్‌లెస్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆపరేటరుగా చేసి మూడేళ్ళ కిందట రిటైరయ్యారు. వైర్‌లెస్ సెట్టు ఫోను లాంటిది కాదు. ఫోనులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకోవచ్చు, కావాలంటే పోట్లాడుకోవచ్చు. సెట్టులో అలా కుదరదు. చేతిలో ఉన్న మైకుకి ఒక మీట ఉంటుంది. అది నొక్కితేనే మన గొంతు బయటికి పోతుంది, వదిలితేనే అవతలివాళ్ళ గొంతు వినిపిస్తుంది. నొక్కినంతసేపూ చెప్పడమే, వినడం ఉండదు. ఒకడు నొక్కిపెట్టి కూర్చున్నాడంటే జిల్లా మొత్తం నోరు మూసుకోవాల్సిందే. అందుకని నాలుగు మాటల్లో చెప్పేసి వేలు తీసెయ్యాలి. ఈ విద్యలో హుస్సేన్ గారు దిట్ట. కొల్లేరు పొంగి లంక ఊళ్ళు నీళ్ళలో ఉన్నప్పుడు ఎక్కడికి పడవలు కావాలి, ఎక్కడికి బియ్యం చేరాయి అన్న సమాచారమంతా రెండు రోజులపాటు కుర్చీలోంచి లేవకుండా అందించారు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు.

వచ్చిన చిక్కల్లా ఇంటి దగ్గరే. ఆ పొదుపు యూనిఫారంతో పాటు విప్పి కొక్కేనికి తగిలించే రకం కాదు. ఆయన భార్య అజీజున్నీసాది ముదినేపల్లి. గలగలా మాట్లాడే మనిషి. వంటింట్లో గరిటె తిప్పుతూ గంటసేపు కబుర్లు చెబితే, ఈయన దగ్గర్నుంచి వచ్చే జవాబు “ఊఁ”, “సరే”, మహా అయితే “రేపు చూద్దాం”. “సెట్టుకైతే మీట పైకి కనిపిస్తుందండీ. మీకెక్కడ పెట్టాడో దేవుడు, ముప్ఫై ఏళ్ళనుంచి వెతుకుతున్నాను” అనేది ఆవిడ నవ్వుతూ. దానిక్కూడా ఆయన నవ్వి ఊరుకునేవారు. పిల్లలు కలగలేదు.

ఆయన రిటైరైన ఏడాదికే ఆవిడకి కిడ్నీలు పాడయ్యాయి. ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం, “ఏదో ఒకటి మాట్లాడండి, వింటూ పడుకుంటాను” అంది. “ఏముంది మాట్లాడ్డానికి? నువ్వు పడుకో” అన్నారాయన. ఆవిడ పడుకుంది. మళ్ళీ లేవలేదు. ఈ సంగతి హుస్సేన్ గారు ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు గనక?

ఇక విమానాల పిచ్చి ఎక్కడిదంటే, ఆయన పుట్టి పెరిగిన తాడేపల్లిగూడెం నుంచి తెచ్చుకున్నది. యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు అక్కడ ఒక రన్‌వే వేసి వెళ్ళిపోయారు. హుస్సేన్ గారికి ఊహ తెలిసేసరికి దానిమీద ధాన్యం ఎండబోసేవాళ్ళూ సైకిలు నేర్చుకునేవాళ్ళే తప్ప విమానమన్నది లేదు. అంత పొడుగు రన్‌వే పెట్టుకుని ఒక్క విమానమైనా రాకపోవడం ఆ వయసులో ఆయనకి పెద్ద అన్యాయంగా తోచేది. సాయంత్రం వేళ రెండు చేతులూ చాపి ఈ చివరినుంచి ఆ చివరికి తానే పరిగెత్తేవాడు.

భార్య పోయిన ఏడాది, కరెంటు ఆఫీసు దగ్గర ఇంటర్నెట్ సెంటరులో, ఎవరో కంప్యూటర్‌లో విమానం నడుపుతుంటే ఆయన చూశారు. నిలబడి గంటన్నర చూశారు. నెల తిరక్కుండా ఇంట్లో కంప్యూటరూ, విమానం నడిపే పిడి లాంటి జాయ్‌స్టిక్కూ వెలిశాయి. మూడు నెలలకి ఆయన గన్నవరంలో చిన్న విమానం లేపి రాజమండ్రిలో దింపడం నేర్చారు. దారిలో కింద కొల్లేరు కనిపిస్తుంది. ఆ ఆటలో కొల్లేరంటే నీలం రంగు పూసిన పెద్ద మరక, అంతే. పక్షులుండవు, చేపల చెరువులుండవు. బయట అసలు కొల్లేట్లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లన్నీ తవ్వించేసిన మరుసటి ఏడాది అది, అందుచేత ఈ ఒక్క విషయంలో ఆట ముందే చూసి గీసినట్టుండేది.

ఒక్కడే ఆడుకుంటే అది ఆటే. కానీ దానికొక లోకం ఉందని ఆయనకి తరవాత తెలిసింది. దేశదేశాలవాళ్ళు ఇంటర్నెట్‌లో ఒకచోట చేరి, ఎవరి ఇళ్ళలో వాళ్ళు కూర్చుని విమానాలు నడుపుతారు. ఒకరి విమానం ఇంకొకరి తెరమీద కనిపిస్తుంది. కొందరు కంట్రోలర్లుగా కూర్చుని, ఎవరు ఎంత ఎత్తులో ఎగరాలో, ఎప్పుడు దిగాలో మైకులో చెబుతారు. అంతా అసలు విమానాశ్రయంలో మాట్లాడినట్టే, ఇంగ్లీషులో, నాలుగు మాటల్లో, మీట నొక్కి. అది విన్న రోజున హుస్సేన్ గారికి పోయిన ఉద్యోగం నడిచి ఇంటికొచ్చినట్టు అనిపించింది.

ప్రతి విమానానికీ ఒక పిలుపు పేరు ఉండాలి. అక్షరాలు మనమే ఎంచుకోవచ్చు. ఆయన ఎ, జెడ్, ఎన్ ఎంచుకున్నారు. విమానాల వాళ్ళు అక్షరాల్ని అక్షరాలుగా పలకరు, ఒక్కో అక్షరానికి ఒక్కో మాట వాడతారు కదా, అందుకని ఆదివారం సాయంత్రాలు ఎక్కడో చెన్నైలోనో పుణేలోనో కూర్చున్న కుర్రకంట్రోలరు “అల్ఫా జులూ నవంబర్, గుడ్ ఈవినింగ్ సర్” అంటాడు. అది అజీజున్నీసా పేరని వాడికి తెలియదు. హుస్సేన్ గారు ప్రతిసారీ ఒక క్షణం ఆగి జవాబిస్తారు.

అయితే ఈ సుఖానికి ఒక పుల్ల అడ్డం పడింది. ఆట, మాట రెండూ ఒక్క కంప్యూటర్‌లో నడిస్తే గొంతు ముక్కలు ముక్కలుగా పోతోంది. ఎవరో సలహా చెబితే పాత కంప్యూటరు ఇంకొకటి తెచ్చి, మాట దానికి అప్పగించారు. ఇప్పుడు విమానం ఒక పెట్టెలో, గొంతు ఇంకో పెట్టెలో. జాయ్‌స్టిక్ మీద వేలికి అందే మీట విమానం పెట్టెకి చెందినది. గొంతు పెట్టెకి మాత్రం దాని కీబోర్డు మీద స్పేస్‌బార్ నొక్కాలి. కుడిచేత్తో విమానం పట్టుకుని, ఎడమచెయ్యి వెనక్కి చాపి తడుముకుంటూ నొక్కడం. ఒక ఆదివారం ఆయన మోచెయ్యి ఆ స్పేస్‌బార్ మీద ఆరు నిమిషాలు ఆనింది. ఆ ఆరు నిమిషాలూ కంట్రోలరు నోరు కట్టేసినట్టయింది. ఆకాశంలో ఉన్న పదకొండు విమానాలకీ హుస్సేన్ గారి దగ్గూ, పక్కింటి వీరరాఘవమ్మ గారి కుక్కరు కూతలూ వినిపించాయి. మర్నాడు నెట్‌వర్క్‌వాళ్ళు మర్యాదగా ఒక మెయిలు పెట్టారు. ఇది మొదటి తప్పు. ఇలాంటిదే రెండోసారి జరిగితే సభ్యత్వం రద్దు.

మనకి అదేం పెద్ద శిక్షలా కనపడకపోవచ్చు. హుస్సేన్ గారు ఆ మెయిలు మూడుసార్లు చదివారు. ఆ ఆదివారాలు పోతే ఆయన్ని ఏ పేరుతోనూ పిలిచేవాళ్ళు లేరు.

ఆర్.ఆర్.పేటలో ఒక కంప్యూటర్ సెంటరుంది. అక్కడ ప్రోగ్రామింగ్ చెప్పే గాయత్రి గణపవరం నుంచి రోజూ బస్సులో వచ్చి వెళుతుంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. క్లాసు అయ్యేదాకా వరండాలో బెంచీ మీద కూర్చున్న పెద్దాయన్ని చూసి, ఎవరో విద్యార్థి తండ్రి అనుకుంది.

“ఏవండీ, ఎవరికోసమండీ?”

“మీకోసమేనమ్మా. చిన్న పని. ఒక మిషను మీద నొక్కితే ఇంకో మిషను పలకాలి.”

ఆయన కాగితం మీద రెండు పెట్టెలు గీసి, మధ్యలో ఒక గీత గీసి చూపించారు. గాయత్రి నవ్వలేదు. రెండు ప్రశ్నలు అడిగింది, మూడోదానికి తనే జవాబు చెప్పుకుంది.

“అయితే మీట ఇక్కడ నొక్కినట్టు కేబుల్ మీద అక్కడికి కబురు పంపాలి. అంతేకదండీ బాబాయ్ గారూ?”

“అంతేనమ్మా. నొక్కానని ఒక కబురు, వదిలేశానని ఒక కబురు.”

ఆవిడ వారం తీసుకుని చిన్న ప్రోగ్రాం రాసింది. వేలు పడగానే కేబుల్ మీద ‘ఒకటి’ పోతుంది, వేలు తియ్యగానే ‘సున్నా’ పోతుంది. ఒకటి అందుకున్న పెట్టె మైకు తెరుస్తుంది, సున్నా అందుకుంటే మూస్తుంది. ఒకటీ సున్నా ఏ వేళకి వెళ్ళాయో ఒక ఫైలులో రాసుకుంటుంది కూడా. ఇంటికొచ్చి బిగించి చూపించింది. హుస్సేన్ గారు జాయ్‌స్టిక్ మీట నొక్కి, వదిలి, నొక్కి, వదిలి, చిన్నపిల్లాడిలా పాతికసార్లు చేశారు.

“రెండింటికీ యూపీఎస్ ఉందాండీ?” అని అడిగింది గాయత్రి, వెళ్ళబోతూ.

“ఒక్కటే ఉందమ్మా. గొంతు మిషనుకి పెట్టాను. ఇంటర్నెట్ డబ్బా కూడా దానికే.”

“విమానానికి పెట్టుకోవాలి కదండీ? కరెంటు పోతే కూలిపోతుందేమో.”

“పోతే పోతుందమ్మా. గొంతు పోకూడదు.”

పోలీసు వైర్‌లెస్‌లో ఆయన మొదటిరోజు నేర్చుకున్న పాఠం అది. కరెంటు పోయిందంటే ముందు సెట్టుకి బ్యాటరీ, ఆ తరవాతే దీపం, ఫ్యాను, సీఐ గారి గది. వైర్‌లెస్‌లో చేసినవాడు తప్ప ఇంకెవడైనా బుద్ధిగా విమానం పెట్టెకే యూపీఎస్ పెట్టుకునేవాడు. గాయత్రి ఆ జవాబుకి తల ఊపింది. ఊపకుండా ఉండాల్సింది. ఆ తలూపినందుకు తరవాత ఆవిడ తనని తాను చాలా తిట్టుకుంది.

నాలుగు నెలలు హాయిగా గడిచాయి. కంట్రోలరు మెచ్చుకున్నాడు కూడా. “మీ రేడియో పద్ధతి చాలా బాగుంటుంది సర్, ఎక్కడ నేర్చుకున్నారు?” అని ఒకసారి అడిగాడు. హుస్సేన్ గారికి చెప్పాలని ఎంతో ఉంది. కానీ ఫ్రీక్వెన్సీ మీద సొంత కబుర్లు చెప్పకూడదు. “థాంక్యూ” అని వేలు తీసేశారు. ఆ వారమంతా ఆ ప్రశ్నకి రకరకాల జవాబులు మనసులో చెప్పుకున్నారు.

మే నెలలో ఆ ఆదివారం వచ్చింది. రాజమండ్రి ఇంకా ఎనిమిది నిమిషాల దూరంలో ఉంది. రెండువేల అయిదువందల అడుగులకి దిగమన్నాడు కంట్రోలరు. చెప్పింది విని మళ్ళీ తిరిగి అప్పజెప్పాలి కనుక హుస్సేన్ గారు మీట నొక్కి, “డిసెండ్ టు టూ తౌజండ్ ఫైవ్ హండ్రెడ్...” అంటుండగా టప్పున కరెంటు పోయింది.

తెర నల్లబడింది. ఫ్యాను ఆగింది. కిందపెట్టిన యూపీఎస్ మాత్రం పది సెకండ్లకొకసారి బీప్, బీప్ అంటూ గొంతు పెట్టెని బతికిస్తోంది. హుస్సేన్ గారు వేలు తీశారు. తీశారు కానీ, తీశారన్న కబురు పంపాల్సిన పెట్టె చచ్చిపోయింది. ‘ఒకటి’ వెళ్ళింది, ‘సున్నా’ వెళ్ళలేదు. అందరి తెరలమీంచీ విమానం మాయమైపోయి, మైకు మాత్రం తెరుచుకుని ఉండిపోయింది.

ఆయనకి ఇదేమీ తెలియదు. నొక్కి ఉన్నంతసేపూ అవతలివాళ్ళు వినిపించరు కదా, అందుకని “అల్ఫా జులూ నవంబర్, మీ మైకు తెరుచుకుంది” అని వాళ్ళు ఎంత మొత్తుకున్నా ఈయన చెవిన పడలేదు. చెవులమీది హెడ్‌ఫోను కిందికి లాగి మెడలో వేసుకున్నారు. మైకు గడ్డం కింద నిలిచింది. గొంతు పెట్టె మానిటరు యూపీఎస్ మీద లేదు కనుక అదీ చీకటే. ఎలాగూ సెట్టు ఆపే అలవాటు లేని మనిషి. కరెంటు వచ్చేదాకా చూద్దామని కుర్చీలో వెనక్కి వాలారు.

కరెంటు పోయినప్పుడల్లా ఆయన భార్యతో మాట్లాడతారు. ఈ అలవాటు ఈ మధ్యది. ఫ్యాను చప్పుడూ టీవీ చప్పుడూ లేనప్పుడు ఇల్లు ఎంత ఖాళీగా ఉందో వినబడుతుంది. ఆ ఖాళీ తట్టుకోలేక మొదట ఒక మాట అన్నారు, తరవాత రెండు, తరవాత అదే పనయింది. ఆవిడ బతికుండగా ఒక్కటంటే ఒక్క కబురు చెప్పని మనిషి, ఇప్పుడు ఊరిస్తూ, విసుక్కుంటూ, గంటలకొద్దీ చెబుతారు. వీరరాఘవమ్మ గారైతే గోడ అవతలనుంచి విని, “మీకు ఫోన్లు బాగా వస్తాయండీ, చుట్టాలు మంచివాళ్ళు” అంది ఒకసారి. అవునండీ అన్నారాయన.

ఆ రోజూ కొరమీనుతో మొదలుపెట్టారు. కొల్లేటి కొరమీను దొరికిందనీ, పులుసులో చింతపండు ఎక్కువైందనీ, చెంచా చింతపండు అంటే ఏ చెంచానో చెప్పకుండా పోయావనీ. అక్కడినుంచి మాట ఎటెటో తిరిగి ఆసుపత్రికి చేరింది. ఇరవై రెండు నిమిషాలకి యూపీఎస్ పొడుగ్గా ఒక కూత కూసి ఆగిపోయింది. ఆయన కూడా ఆగి, ముఖం కడుక్కోవడానికి లేచారు.

మర్నాడు ఉదయం నెట్‌వర్క్ ఆయన్ని లోపలికి రానివ్వలేదు. మెయిలు వచ్చి ఉంది. ఆదివారం సాయంత్రం ఇరవై రెండు నిమిషాలపాటు మీ మైకు తెరుచుకుని ఉంది, మీకు ఇది రెండోసారి, విచారణ అయ్యేదాకా మీ సభ్యత్వం నిలిపాము, మూడు రోజుల్లో జవాబివ్వండి, అని. కింద ఇంకా ఉంది. వినిపించినది ఏదో భాషలో రేడియో కార్యక్రమం అనుకుంటున్నాం, మధ్యమధ్యలో టైము చెప్పే బీప్‌లు కూడా ఉన్నాయి. నిమిషం పాటు రికార్డు చేసినది జతపరిచాం. మాలో ఒకాయనకి ఆ కార్యక్రమం చాలా నచ్చింది, భాష తెలియకపోయినా ఆ గొంతు బాగుందట, ఏ స్టేషనులో వస్తుందో చెప్పగలరా అని అడుగుతున్నారు.

హుస్సేన్ గారు మెయిలు మూసేశారు. జతచేసినది తెరవలేదు. మంగళవారం దాకా ఎలాగో ఉగ్గబట్టుకుని, గాయత్రికి ఫోను చేశారు.

క్లాసులయ్యాక సాయంత్రం అయిదింటికి ఆవిడ వచ్చింది. హుస్సేన్ గారు టీ పెట్టి, ఇద్దరికి పొయ్యాలి కనుక రెండో గ్లాసు కోసం అలమర వెతికి, దుమ్ము కడిగి తెచ్చారు. గాయత్రి ఫైలు తెరిచి చూసి నుదురు కొట్టుకుంది.

“చూడండి బాబాయ్ గారూ. నాలుగూ యాభై రెండుకి ఒకటి వెళ్ళింది. ఆ తరవాత ఏమీ లేదు. కరెంటు పోయిందాండీ ఆ టైముకి?”

“పోయిందమ్మా.”

“నాదే తప్పు. నొక్కి ఉన్నంతసేపూ అరసెకనుకొకసారి ‘ఇంకా నొక్కే ఉన్నాను’ అని చెబుతూ ఉండాలి. ఆ మాట రావడం ఆగిపోతే మైకు తనంతట తను మూసుకోవాలి. నాకు అప్పుడు తట్టలేదు. పది నిమిషాల్లో మార్చేస్తానండీ.”

అన్నట్టుగానే మార్చింది. కరెంటు తీసి, పెట్టి, నాలుగుసార్లు పరీక్షించింది. మైకు బుద్ధిగా మూసుకుంది. ఆ తరవాత మెయిలు మళ్ళీ చదివి, “ఏ రేడియో అండీ, అంత బాగుందంటున్నారు?” అంటూ జతచేసిన దాని మీద నొక్కింది.

“వద్దమ్మా” అన్నారు హుస్సేన్ గారు. అప్పటికే మోగుతోంది.

“...ఆ రోజు ఏదో ఒకటి మాట్లాడండి అన్నావు. ఏముంది అన్నాను. లేకేం అజీజూ, బోలెడుంది. నిన్ను చూడ్డానికి మీ ముదినేపల్లి వచ్చినప్పుడు తలుపు చాటునుంచి నా బూట్లు చూసి నవ్వావు, నేను చూశాను, అది చెప్పొచ్చు.” బీప్. “కొల్లేరు పొంగినప్పుడు రెండు రోజులు ఇంటికి రాలేదు కదా, జిల్లాలో అన్ని ఊళ్ళ సంగతీ సెట్టులో అడిగాను, తమ్మిలేరు పొంగి మన వీధిలోకి వచ్చిందా అని అడగడానికి మాత్రం సిగ్గేసింది, అది చెప్పొచ్చు. భయమేస్తోందని చెప్పొచ్చు.” బీప్. “ఆసుపత్రిలో నాకు చాలా భయమేసింది అజీజూ. నోరు తెరిస్తే ఏడుస్తానని మూసుకున్నాను. నువ్వేమో నీతో మాట్లాడ్డం నాకు ఇష్టం లేదనుకుని పోయావు. ఇప్పుడు చెబుతున్నాను విను. వింటున్నావా?” బీప్.

అక్కడితో అయిపోయింది.

హుస్సేన్ గారు తన గొంతు అలా ఎన్నడూ వినలేదు. అది తనదేనా అనిపించింది. భోరుమని ఏడవాలనిపించింది కానీ ఆడపిల్ల ముందు ఏడవలేక గ్లాసులో టీ వంక చూస్తూ కూర్చున్నారు. గాయత్రి కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది.

“బాబాయ్ గారూ, నాకు బస్సు ఏడింటికండీ. ఏమైనా చెప్పాలనిపిస్తే చెప్పండి. నేను వింటాను.”

ఆవిడ ఊరికే అనలేదు. నిజంగానే వినేది. హుస్సేన్ గారు తలెత్తి చూశారు. చెప్పాల్సినది గొంతుదాకా వచ్చింది. ఎదురుగా మనిషి, కళ్ళు, ఆ కళ్ళల్లో నీళ్ళు. అంత దగ్గరగా ఉన్న మనిషితో ఎలా మొదలుపెట్టాలో ఆయనకి అరవై ఒక్క ఏళ్ళు వచ్చినా తెలియదు.

“ఏముందమ్మా చెప్పడానికి” అన్నారు.

అనేశాక, ఏమన్నారో ఆయనకే వినిపించింది. మళ్ళీ తల దించుకున్నారు.

గాయత్రి మెయిలు కింద ఉన్న ఫారం తెరిచింది. నియమాలు చదివి నెమ్మదిగా చెప్పింది. పరికరం పాడై, ఇంట్లో మోగుతున్న రేడియోలాంటిది వినిపిస్తే, బాగు చేసుకున్నారని చూసి మళ్ళీ రానిస్తారు. అలాక్కాకుండా సభ్యుడే కూర్చుని అంతసేపు సొంత మాటలు మాట్లాడితే, తెలిసి చేసినా తెలియక చేసినా రద్దే.

“రేడియో అని వాళ్ళే అనుకుంటున్నారు కదండీ. అలాగే రాసేద్దామండీ. తెలుగు వచ్చినవాళ్ళు అక్కడ ఎవరూ ఉన్నట్టు లేరు.”

ఎవరూ లేరన్న మాట విని హుస్సేన్ గారికి ముందు ప్రాణం లేచొచ్చింది. పరువు దక్కింది. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. రెండేళ్ళుగా ఒక్క మనిషికీ చెప్పనిది, ఇరవై రెండు నిమిషాలు, ఎన్నో ఊళ్ళవాళ్ళు చెవులొగ్గి వింటుండగా చెప్పారు. ఒక్కరికీ అందలేదు. బాగుందట గొంతు.

వైర్‌లెస్ లాగ్‌పుస్తకంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన ఒక్క అబద్ధం రాయలేదు. ఒకసారి పై అధికారి టైము మార్చి రాయమంటే, బదిలీ అయినా ఫరవాలేదని చింతలపూడి పోయారు గానీ రాయలేదు. ఇప్పుడు నిజం రాస్తే ఏముంది, మాట్లాడింది నేనే, నా భార్యతో మాట్లాడాను, ఆవిడ చనిపోయింది, అంతే. మూడు ముక్కలు. అవి రాస్తే వచ్చే ఆదివారం మూడింటికి గడ్డం గీసుకునే పని ఉండదు. ఆ పేరు పలికే నోరు ఇక ఎక్కడా ఉండదు.

“రేడియో అని రాయమ్మా” అన్నారు.

గాయత్రి రాసింది. కరెంటు పోవడం, కబురు అందకపోవడం, ప్రోగ్రాం సరిచెయ్యడం అన్నీ రాసింది. చివర ఒక ప్రశ్న మిగిలింది. ఆవిడ దాన్ని తనలో తను చదువుకుని, చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఏంటమ్మా?”

“ఆ సమయంలో గదిలో ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నారండీ. ఉంటే రేడియో ఆపేవాళ్ళు కదా అని.”

బయట రైలు పోతోంది. అది పూర్తిగా పోయేదాకా హుస్సేన్ గారు ఆగారు.

“లేరని రాయమ్మా.”

ఆవిడ ఒక్కొక్క అక్షరమే నొక్కింది. అయ్యాక పంపబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపారు. రాసినది చదివించుకోకుండా ఏ కబురూ ఆయన ఇంతవరకూ పంపించలేదు.

“ఒకసారి చదువమ్మా.”

“గదిలో ఎవరూ లేరు” అని చదివింది గాయత్రి.

“కరెక్ట్” అన్నారు హుస్సేన్ గారు. “పంపించెయ్యి.”